బెజ్జాల కారు

మా ముందుగదిలో సోఫా ఉండేది కాదు, కారు వెనకసీటు ఉండేది. మెట్టుగూడలో మేం అద్దెకున్న రెండు గదుల ఇంటికి ఎవరొచ్చినా దాని మీదే కూర్చోవాలి. నేలకు జానెడు ఎత్తు. మా పాస్టరుగారు ఆరడుగుల మనిషి. ప్రార్థనకు వచ్చినప్పుడల్లా అందులో కూరుకుపోయి, మోకాళ్లు గడ్డం దాకా వచ్చేసి, ఒళ్లో చోటు లేక బైబిలు గాల్లో పట్టుకుని చదివేవారు. నేనూ తమ్ముడూ వంటింట్లోకి పోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం. అమ్మకు మాత్రం తల తీసేసినట్టుండేది.

సీటొక్కటేనా! స్నానాల గది బయట తువ్వాళ్లు ఆరేసుకునే దండెం కారు ముందు బంపరు. నేను చదువుకునే బల్ల మీద పరిచిన అద్దం వెనక తలుపుది, దాని కింద నా పరీక్షల టైంటేబులు ఉండేది. బియ్యం డబ్బా మీద మూత, స్టెప్నీ చక్రం మీద ఉండాల్సిన గుండ్రటి రేకు. మా అమ్మది గుంటూరు వైపు, ఆవిడ మాటకు పదునెక్కువ. "ఏవండీ, ఇంకో ఏడాది పోతే కారంతా ఇంట్లోకొచ్చేస్తుంది, మనం పోయి దాని షెడ్డులో ఉందాం" అనేది. నాన్న విననట్టే ఉండేవాడు.

ఆయన్ని మేం డాడీ అనే పిలుస్తాం. రాస్తుంటే నాన్న అని వస్తోంది, రానీ.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు దగ్గర ఆ కారు తీసుకున్నాడు. చిన్న ఇంగ్లీషు కారు, వయసులో నాన్న కంటే కాస్త చిన్నది. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ దానికి దిష్టి తీసినంత పని చేసింది. వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. గుంటూరులో ఉన్న చెల్లెలికి ఉత్తరం కూడా రాసింది, ఈసారి కారులో వస్తాం చూడు అని. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డ వారానికి నాన్న కారులోంచి సీట్లన్నీ పీకేశాడు.

సంగతేంటంటే ఆ రోజుల్లో ఊరవతల వాడకంలో లేని రన్‌వే మీద కార్ల పందేలు పెట్టేవాళ్లు. మలుపులు లేవు, చుట్లు తిరగడం లేదు. రెండు కార్లు పక్కపక్కన నిలబెడతారు, జెండా దించుతారు, పావు మైలు దూరంలో గీసిన సున్నపు గీత ఎవరు ముందు దాటితే వాళ్లు గెలిచినట్టు. ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోతుంది. వచ్చేవాళ్లంతా మిలటరీ అధికారులు, నగల షాపుల వాళ్ల కొడుకులు, పెద్ద పెద్ద గ్యారేజీల ఓనర్లు. ఒకసారి ఎవరితోనో కలిసి చూడ్డానికి పోయిన మా నాన్నకు అది పట్టుకుంది. వాళ్ల దగ్గర డబ్బుంది, ఇంజను పెంచుకుంటారు, నా దగ్గర అది లేదు, నేను బరువు తగ్గించుకుంటా అన్నాడు. అంతే, ఇక మనిషి మనిషి కాదు.

సీట్లు పోయాయి. డ్రైవరు కూర్చోవడానికి మాత్రం ఒక పాత పేము కుర్చీ కాళ్లు కోసేసి బోల్టులతో బిగించాడు. అద్దాల బదులు ప్లాస్టిక్ షీట్లు వచ్చాయి. అవి పోయాక ఇక తీయడానికేం మిగల్లేదని మేం అనుకున్నాం. అప్పుడే అసలు పని షురూ అయింది. మిగిలిన ఇనుముకే బెజ్జాలు వేయడం మొదలుపెట్టాడు.

ఇనుము రెండు రకాలు అనేవాడు నాన్న. ఒకటి బరువు మోసేది, రెండోది ఊరికే ఉన్నది. ఊరికే ఉన్న ఇనుము ఎక్కడుందో వేలి కణుపులతో కొట్టి చూసి చెప్పేవాడు. సుద్దముక్కతో చుక్కలు పెట్టి, చేతిడ్రిల్లుతో ఒక్కొక్క చుక్క దగ్గర బెజ్జం వేసేవాడు. పెడల్లకు, తలుపుల లోపలి రేకుకు, డిక్కీ అడుగుకు, కంటికి కనపడని ప్రతి పట్టీకీ. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగి, చీకటి పడేదాకా అదే పని.

నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. బెజ్జం అంచు గరుకుగా ఉంటే అక్కణ్నుంచి చీలిక పుడుతుందట, అందుకని ప్రతి బెజ్జాన్నీ లోపలా బయటా ఆకురాయితో నున్నగా రుద్దాలి. తలుపు లోపలికి నాన్న చెయ్యి పట్టేది కాదు, నా చెయ్యి పట్టేది. అలా ఆ పని నాకొచ్చింది. రుద్ది, వేలు పెట్టి చుట్టూ తిప్పి, ఎక్కడా గీరుకోకపోతే అయిందనేదాన్ని. నాన్న కూడా వేలు పెట్టి తిప్పి తలూపేవాడు. ఆ తలూపడం కోసం నేను పరీక్షలకు సగం సగం చదివాను. రాలిన ఇనుపరజనును పాలపొడి డబ్బాలో పోసి, శనివారం శనివారం కిరాణా కొట్టుకు పోయి తూకం వేయించేదాన్ని. కొట్టాయన ముందు నవ్వేవాడు, తర్వాత తనే అడిగేవాడు ఈ వారం కారు ఎంత చిక్కిందమ్మా అని. కిలో పైన తూగిన వారం నాన్న ముఖం వెలిగిపోయేది.

నా జీవితంలో నాకు బాగా సంతోషంగా ఉన్న రోజులేవని అడిగితే పెళ్లి గురించో పిల్లల గురించో చెప్పాలి, చెప్తాను కూడా. నిజం మాత్రం ఆ రేకుల షెడ్డు. తమ్ముడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇంజను స్టార్టయితే వాడు పరుగెత్తి పోయి అమ్మ వెనక దాక్కునేవాడు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నాన్న ఆ కారును ఎన్నిసార్లు పందేనికి తీసుకుపోయాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ పందేలు ఆదివారాలు పెట్టేవాళ్లు. ఆదివారం మా నాన్నకు చర్చి. ఆయన చర్చిలో పెద్ద, కానుకల సంచి పట్టుకుని తిరిగే మనిషి, ఆదివారం పనికి ఓవర్‌టైం ఇస్తామన్నా పోనివాడు. అందుకని శనివారం వచ్చే పందేల కోసం కాసుకుని కూర్చునేవాడు. ఒక శనివారం నన్ను కూడా రమ్మన్నాడు. కారులో కుర్చీ ఒక్కటే కాబట్టి నేను రెండు బస్సులు మారి పోయాను.

ఆ రోజు మా కారు మూడు కార్లను ఓడించింది. మూడోది ఒక నగల వ్యాపారి కొడుకుది, ఎర్ర రంగు, దాని ఇంజను చప్పుడుకే గుండెలు అదిరేవి. జెండా దిగిన క్షణంలో మా కారు గాలికి లేచిపోయిన కాగితంలా ముందుకు పోయింది. నేను గొంతు పోయేలా అరిచాను. పెద్దమనుషులు వచ్చి నాన్న భుజం తట్టి, ఎవరి గ్యారేజీ అని అడిగారు. మా ఇల్లే సార్ అన్నాడు. ఇక మిగిలింది ఒక్క పరుగు, గెలిస్తే కప్పు. అది మర్నాడు పొద్దున పదింటికన్నారు.

రేపు ఆదివారం సార్, నాకు చర్చి ఉంటది అన్నాడు నాన్న. వాళ్లు జోకనుకున్నారు. నాన్న హెల్మెట్ తీసి తిరిగిచ్చేసి, అందరికీ దండం పెట్టి, కారేసుకుని ఇంటికొచ్చేశాడు. నేను మళ్లీ రెండు బస్సులు మారాను, దారంతా ఏడుస్తూనే ఉన్నాను. దేవుడు ఒక్క ఆదివారం చూసీచూడనట్టు పోడా అని ఇంటికొచ్చి అడిగాను కూడా. మర్నాడు ఎప్పట్లాగే నలుగురం నడుచుకుంటూ చర్చికి పోయాం. పాటలు పాడేటప్పుడు నేను పెదవులు కదపలేదు. పదింటికి నాన్న గడియారం చూసుకోవడం నేను చూశాను.

తర్వాత ఆ రన్‌వే మీద పందేలు ఆపేశారు. కప్పు లేదు, సర్టిఫికెట్టు లేదు, ఆ రోజు ఫోటో తీసినవాళ్లు మాకు తెలిసినవాళ్లు కాదు. ఆ కారుతో మా నాన్న పరుగు తీశాడనడానికి ఈ భూమ్మీద మిగిలిన ఆధారం ఒక్కటే, ఆ బెజ్జాలు.

ఇప్పుడు నాన్నకు ఎనభై దాటాయి. అమ్మ పోయి ఆరేళ్లు. నాన్న నా దగ్గరే ఉంటాడు. నేను ఇంగ్లీషు టీచర్ని, రేపో మాపో రిటైరవుతాను. కారు మా ఇంటి వెనక రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని ఇన్నేళ్లూ ఉంది. దాని బంపరూ అద్దాలూ సీటూ ఇల్లు మారినప్పుడల్లా మాతో పాటే మారాయి. అమ్మ అంత తిట్టుకుంటూనూ ఒక్కటీ పారెయ్యనివ్వలేదు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

తమ్ముడికి బేగంపేటలో పెద్ద ఉద్యోగం, పెద్ద ఫ్లాటు, కింద రెండు పార్కింగులు. యాభైకి దగ్గరయ్యాక వాడికి పాత కార్ల పిచ్చి పట్టింది. పాత కార్ల వాళ్లదొక గుంపు ఉంటుంది, ఏడాదికోసారి మైదానంలో కార్లన్నీ వరసగా నిలబెట్టి పోటీ పెడతారు. నీ కారేదని అందరూ అడుగుతుంటే వీడికి చిన్నతనంగా ఉందట. ఒక రోజు వచ్చి నాన్న పక్కన కూర్చుని, డాడీ, ఆ కారు నాకియ్యి, బాగు చేయించి పదిమందికి చూపిస్తా అన్నాడు. నాన్న ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"తీస్కపో కొడుకా. ఒక్కటే మాట. ఆ బెజ్జాలు ముట్టుకోకు. గవి నేనూ అక్కా కలిసి చేసినయ్."

వాడు సరే డాడీ అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్నొక మాట అడగలేదు నాన్న. ఇంజను చప్పుడుకు దాక్కున్నవాడికి కారు, వేళ్లు కోసుకున్నదానికి "అక్కా కలిసి" అన్న ఒక ముక్క. చాయ్ తాగుతావారా అని అడిగాను. మా ఇంట్లో ఆడవాళ్లకు కోపమొస్తే చాయ్ పెట్టడం అలవాటు.

వారం తిరక్కుండా ట్రాలీ వచ్చి కారును తీసుకుపోయింది. బంపరు, అద్దం, బియ్యం డబ్బా మూత కూడా పోయాయి. సీటును మోయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. నాన్న వాకిట్లో నిలబడి జెర పైలం, జెర పైలం అంటూనే ఉన్నాడు.

తర్వాత రెండు నెలలకు ఒక మధ్యాహ్నం తమ్ముడు ఒక ఫారం పట్టుకొచ్చాడు. పోటీలో కారుతో పాటు దాని కథ ఒక పేజీ రాసివ్వాలి, దానికి మార్కులుంటాయట. నువ్వు మంచిగ రాస్తవక్కా, జెర ఫ్యామిలీ టచ్ ఉండాలె అన్నాడు. రేసుల ఊసు మాత్రం ఎత్తొద్దన్నాడు. ఒక్కసారి రేసుకు వాడారని తెలిస్తే మార్చిన కారు కింద లెక్క, ఒరిజినల్ వరసలో నిలబెట్టనివ్వరట. మరి బెజ్జాలో అన్నాను. అవి నేను చూస్కుంటలే అన్నాడు.

ఎట్లా చూసుకుంటావురా అని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడు. తెలిస్తే నాన్నతో చెప్పాలి, చెప్తే గొడవ. అంతకంటే ఇంకో సంగతుంది, అది ఒప్పుకోవడం నాకు కష్టం. కారు వాడికిచ్చేశాక అది ఏమైతే నాకేంటన్న ఉక్రోషం. పోనీ, చెడిపోనీ అనిపించింది.

బల్ల ముందు కూర్చుని ఇరవై నిమిషాల్లో రాసేశాను. ఒక్క కొట్టివేత లేదు. ఆదివారం పొద్దున్నే నాన్న కారును తుడిచి నిలబెట్టేవాడని రాశాను. అమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక సీట్లో, చర్చికి పోతుంటే వీధిలోవాళ్లు కిటికీల్లోంచి చూసేవాళ్లని రాశాను. లాలాగూడ గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు అమ్మ వెనక్కి తిరిగి నా జడ సరిచేసేదని రాశాను. పాస్టరుగారు బయటికొచ్చి నాన్నతో చెయ్యి కలిపేవారని కూడా. రాస్తుంటే కళ్లు తడిశాయి. అబద్ధం రాస్తున్నానన్న ధ్యాసే లేదు. అది ఎన్నో ఏళ్లుగా నా లోపల ఎవరో రాసిపెట్టి ఉంచినట్టు వచ్చేసింది.

తమ్ముడు రెండుసార్లు చదివాడు. నాకు యాదికి లేదక్కా, నిజంగ గిట్ల పోయేటోళ్లమా అని అడిగాడు. సీటు తీసేయక ముందా అని వాడే అందించాడు. నేను ఆఁ, తీసేయక ముందు, నువ్వు చిన్నోడివి అన్నాను. సీటు మొదటి వారంలోనే పోయింది. ఆ కారులో మేం ఒక్కసారి కూడా, వీధి చివరిదాకా కూడా, కూర్చోలేదు.

ఆ పేజీ ఒక కాపీ నాన్న మంచం పక్క బల్ల మీద పెట్టి పోయాడు వాడు. నాన్న చదివాడో లేదో అప్పుడు నాకు తెలియదు.

పోటీకి నాలుగు రోజుల ముందు కారు చూపిస్తానని మా ఇద్దర్నీ తీసుకుపోయాడు. బోయినపల్లి దాటాక ఒక పెద్ద షెడ్డు, పాత కార్లు బాగుచేసే చోటు. మా కారు మీగడ రంగులో మెరుస్తూ నిలబడి ఉంది. సీట్లు కొత్త రెక్సిన్‌తో, అద్దాలు, బంపర్లు అన్నీ. దాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఎంత ముద్దుగా ఉందో అంటారు. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీశాడు. వంగి, పెడల్ల మీద చెయ్యి వేశాడు. తర్వాత తలుపు లోపల, కొత్తగా బిగించిన అట్ట వెనకాల సందులోంచి వేళ్లు పోనిచ్చి రేకును తడిమాడు. ఒకచోట, ఇంకొకచోట, కిందికి, పక్కకు. ఆ వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. వాళ్లు ప్రతి బెజ్జాన్నీ వెల్డింగుతో పూడ్చి, గీకి, పైన రంగు కొట్టేశారు.

"బాగ చేసిండ్రు" అన్నాడు నాన్న. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నేను తమ్ముణ్ని బయటికి లాక్కుపోయాను. నోటికొచ్చినన్ని తిట్లు తిట్టాను. ఆయన బతిమాలినట్టు చెప్పాడు కదరా, ఆ ఒక్కటి ముట్టుకోకు అని, నీకు సిగ్గూ శరం లేదా అన్నాను. అది ఆయన జీవితంరా, నువ్వు మట్టి పోసి పూడ్చేశావన్నాను. షెడ్డులో మనుషులు పని ఆపి చూస్తున్నారు. వాడు ముందు నసిగాడు. జడ్జీలు తుప్పు అనుకుంటారన్నాడు, పాయింట్లు పోతాయన్నాడు. తర్వాత వాడికీ కోపమొచ్చింది.

"పేజీ రాసింది నువ్వే గదక్కా. చర్చికి పోయే ఫ్యామిలీ కారు అని. ఫ్యామిలీ కారుకు బెజ్జాలెందుకుంటయ్?"

వాడు వెక్కిరించడానికి అనలేదు. వాడికి నిజంగానే అదే న్యాయంగా కనపడింది. నేను రాసిన పేజీని నమ్మి, ఆ పేజీకి సరిపోయేలా కారును చేయించాడు. ఇరవై నిమిషాల్లో నేను రాసిందానికి వెల్డరు మూడు వారాలు పనిచేశాడు.

పోటీ ఆదివారం. ఈ మాట తమ్ముడు చివరిదాకా చెప్పలేదు. నాన్న రాడనుకున్నాను, రాకూడదని మొక్కుకున్నాను కూడా. ఆయన పొద్దున్నే లేచి, చర్చికి వేసుకునే కోటు వేసుకుని, టై కట్టుకుని కూర్చున్నాడు. చర్చి మాట నేను ఎత్తితే, పాస్టరుకు ఫోన్ చేసి చెప్పిన అన్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన ఆదివారం చర్చి మానింది అదే మొదలు. కప్పు వదిలేసిన మనిషి.

మైదానంలో కార్లన్నీ వరసగా ఉన్నాయి, ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మా కారు ముందు స్టాండు మీద నా పేజీ ఫ్రేము కట్టి పెట్టారు. జడ్జీలు ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దాయన, తెల్ల మీసాలాయన, బానెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని టార్చి వేసి చూశాడు. లేచి, చేతులు దులుపుకుని నాన్న వైపు తిరిగాడు. ఇట్లాంటి చిన్న కార్లు ఆ రోజుల్లో చాలా పందేలకు వాడారు సార్, ఇది కూడా పరుగు తీసిందా అని గౌరవంగానే అడిగాడు. బహుశా ఆయన ఆ రన్‌వే దగ్గర ఉండి ఉంటాడు. బహుశా ఆ రోజు జెండా దించినవాళ్లలో ఒకడేమో. అవునని ఒక్క మాట అంటే చాలు, ఆ మాటను నమ్మే మనిషి ఎదురుగా ఉన్నాడు. నేను నాన్న ముఖమే చూస్తున్నాను. చెప్పండి డాడీ, చెప్పండి, కారు ఏ వరసలోంచి తీసేసినా ఫరవాలేదు అని లోపల్లోపల కొట్టుకుంటున్నాను. తమ్ముడు నా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"లేదు సార్. పిల్లలను చర్చికి తీస్కపోయేటోణ్ణి" అన్నాడు నాన్న.

అక్కడితో ఆగలేదు. గేటు దగ్గర రైలు కోసం ఆగేవాళ్లమని, మా ఆవిడ వెనక్కి తిరిగి బిడ్డ జడ సరిచేసేదని, పాస్టరుగారు చెయ్యి కలిపేవారని చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు ముచ్చటపడ్డారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పెద్దాయన నవ్వి, రాసుకుని, ముందుకు పోయాడు. మధ్యాహ్నం మా కారుకు కప్పు వచ్చింది. తమ్ముడు దాన్ని నాన్న చేతిలో పెట్టి ఫోటోలు తీయించాడు. నాన్న ఎటు చూడమంటే అటు చూశాడు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే. తమ్ముడు ఫ్రెండ్స్‌తో ఉండిపోయాడు. నేను ఆపుకోలేకపోయాను. ఎందుకట్లా చెప్పారు డాడీ, ఆయన నమ్మేవాడు కదా, తమ్ముడి కోసమా అని అడిగాను.

"వాని కోసం కాదు బిడ్డ. నువ్వు రాసింది నాలుగు సార్లు చదివిన. మీకు గట్ల పోవాలనుండె అని నాకు గిప్పుడు తెలిసింది. అప్పుడు ఇంట్ల ఎవరూ చెప్పకపోతిరి. జరగకపోతే ఏంది, కనీసం పదిమంది ముందు జరిగినట్టన్న చెప్తే బాగుంటదని చెప్పిన."

నాకు కావలసింది అది కాదు డాడీ, నాకు ఆ షెడ్డే కావాలి, ఆకురాయే కావాలి, మీరు వేలు పెట్టి తిప్పి తలూపడమే కావాలి అని గొంతుదాకా వచ్చింది. కానీ అమ్మ సంగతో? గుంటూరుకు ఉత్తరం రాసిన అమ్మకు ఏం కావాలో నాకు తెలుసు. నేను రాసింది సగం ఆమె కోరికే. అది నా కోరిక కాదంటే అమ్మ కోరికని చెప్పాలి, ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పను? చెప్తే మిగిలేది ఏముంది? బెజ్జాలు ఎట్లాగూ లేవు. ఆటో వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆ కప్పు తర్వాత తమ్ముడు పట్టు పట్టాడు, ఇంకో ఊళ్లో ఇంకా పెద్ద పోటీ ఉందని. అక్కడ వీడియో తీస్తారట, కారు సొంతదారు నోటితో కథ చెప్పించుకుంటారట. నాన్న వస్తానన్నాడు. ఆదివారమా అని కూడా అడగలేదు. నిన్న సాయంత్రం నేను పేపర్లు దిద్దుకుంటుంటే, ఆ పేజీ చేత్తో పట్టుకుని, కళ్లజోడు సవరించుకుంటూ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకటి అడగాలె బిడ్డ అన్నాడు. వాళ్లు అడిగితే తప్పు చెప్పొద్దు కదా అన్నాడు.

"మీ అమ్మ ఆ రోజు ఏ చీర కట్టుకున్నది?"

ఎర్రపెన్ను కింద పెట్టాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు, నాకు గుర్తుంటుందని నమ్మి అడుగుతున్నాడు.

పచ్చది డాడీ, సన్న అంచుది అన్నాను. ఆయన పేజీ పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు.